తెల్లగుడ్డ కట్టిన పుల్లలు

వెంకటశేషమ్మ ముఠా నాటిన మడిలో ఒక్క మొక్క కూడా నీళ్ళ మీద తేలదని విడవలూరు చుట్టుపక్కల రైతులు చెప్పుకుంటారు. అది ఉత్త పొగడ్త కాదు. నాట్లు వేసే మిషన్లు వచ్చాక కూడా పెంచలయ్య లాంటి పెద్ద రైతు ముందుగా ఆమెకే కబురు పెట్టేవాడు. శేషమ్మ మేస్త్రి అయినా గట్టు మీద నిలబడి పెత్తనం చేసే మనిషి కాదు. మొదటి వరస ఎప్పుడూ ఆమెదే. నాటడానికి ముందు మడంతా ఒకసారి కాళ్ళతో తడుముతుంది. తుంగో ఊదో దుక్కిలో చావకుండా మిగిలిన చోట తెల్లగుడ్డ పీలిక కట్టిన పుల్ల ఒకటి గుచ్చి ముందుకి పోతుంది. వెనక వచ్చే ఆడవాళ్ళు పుల్ల కనపడ్డ చోట ఆగి, కలుపుని వేళ్ళతో సహా పెరికి, పుల్ల తీసి గట్టు మీదికి విసిరేస్తారు. మాటతో పని లేదు. కలుపు ఉన్న చోట నాటడమంటే దొంగ చేతికి తాళాలు ఇవ్వడమేనని ఆమె నమ్మకం.

ఆ నాట్ల కష్టం మీదే కూతురు భానుప్రియ చదివింది. చదివి చదివి ఇప్పుడు నీళ్ళ అడుగున గడ్డి పెంచే ఉద్యోగం చేస్తోంది. పులికాటు సరస్సు అడుగున ఒకప్పుడు పచ్చిక బీళ్ళలాగా గడ్డి ఉండేదట. రొయ్యపిల్లలు, పీతలు అందులోనే దాక్కుని పెరిగేవట. అడుగు బురద కొట్టుకుపోకుండా ఆ గడ్డివేళ్ళే పట్టుకునేవట. సముద్రం కలిసే నోరు పూడిపోయి, నీళ్ళు చెడి, వలలు అడుగంటా గీరి ఆ గడ్డి పోయిందట. పోయినదాన్ని నాటి మళ్ళీ తెప్పించవచ్చా అని భానుప్రియ పరిశోధన. ఈ ‘అట’లన్నీ శేషమ్మవి. కూతురు ఎప్పుడో ఫోనులో, ఎప్పుడో అన్నం తింటూ చెప్పిన ముక్కల్ని ఏరి దాచుకుంది. ఊళ్ళో ఎవరైనా అడిగితే వాటిని అతికించి చెప్పేది. విన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. భర్త హజరత్తయ్య అయితే మరీను.

"గడ్డి సరే. మేసేదానికి ఆ నీళ్ళలో గేదెలు కూడా ఉండాయేమో కనుక్కో. పాలకేంద్రం పెడదాం," అనేవాడు.

శేషమ్మకి నవ్వు వచ్చేది కాదు. కూతురి పనిలో తను పట్టుకోగల కొస ఒక్కటీ లేదని ఆమె దిగులు. భానుప్రియ నెల్లూరు నుంచి వచ్చినప్పుడల్లా ఏం మాట్లాడాలో తోచక, అడక్కుండానే ఇంకో గరిటె కూర వేసేది. ఆ పిల్ల వద్దంటూనే తినేసి, ఫోను చూసుకుంటూ వెళ్ళిపోయేది.

ఆ ఫిబ్రవరిలో భానుప్రియ మొహం వేలాడేసుకుని వచ్చింది.

"మా స్టూడెంట్లు నాటిందంతా తేలిపోయిందమ్మా. వారం కూడా నిలవలేదు."

"ఎట్ట నాటినారు?"

భానుప్రియ గాలిలో మొక్కని నిలువుగా పట్టుకుని కిందికి గుచ్చినట్టు చూపించింది.

"అదా నాటేది? దేవుడి ముందర అగరొత్తి గుచ్చినట్టుండాది," అంది శేషమ్మ. పెరట్లోకి పోయి బొక్కెన నిండా బురద తెచ్చింది. నాట్లలో మిగిలిన వరినారు పిలక ఒకటి తీసుకుని, వేరుని బొటనవేలికి ఆనించి, రెండు వేళ్ళతో కొంచెం వాలుగా లోపలికి తోసింది. వేళ్ళు బయటికి తీస్తూనే బురద మూసుకునేట్టు నొక్కింది. మీద నీళ్ళు పోసి బొక్కెనని అటూ ఇటూ ఊపింది. మొక్క కదల్లేదు.

భానుప్రియ ఆ బొక్కెనని చూసింది. తర్వాత అమ్మని చూసింది. పదో తరగతి పాసైన రోజు తర్వాత ఆ పిల్ల తనని అట్లా చూడటం శేషమ్మకి గుర్తులేదు.

"మీ ముఠా ఇప్పుడు ఖాళీయేనా అమ్మా?"

"కోతల దాకా ఖాళీనే."

"అయితే వచ్చి నాటతారా? సరస్సులో నీళ్ళు మోకాళ్ళ దాకే ఉన్నాయి ఇప్పుడు. ఒక్క విషయం మాత్రం. మా ఆఫీసులో సొంతవాళ్ళకి పని ఇవ్వకూడదు. తెలిస్తే నా ఉద్యోగానికే ముప్పు. అక్కడ నువ్వు నాకు అమ్మవి కాదు. మేడమ్ అనాలి."

"అట్నేలే మేడమ్మా," అంది శేషమ్మ. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. ఆ రోజుకి అందులో నవ్వు తప్ప ఇంకేమీ లేదు.

వాకాడు దాటి, సరస్సు ఒడ్డున తూర్పుకుప్పం అనే పల్లెకి ముఠా అంతా ట్రక్కు ఆటోలో చేరింది. తుఫాను షెల్టరులో బస. దారి పొడుగునా ఆడవాళ్ళు మేడమ్ అనడం సాధన చేశారు. శేషమ్మ తర్వాత ముఠాలో పెద్దది కామాక్షి, వరసకి ఆడబిడ్డ. "మేడమ్మగారూ, మీకు చిన్నప్పుడు ముక్కు తుడిచింది నేనేనండీ," అని ఆమె చేతులు కట్టుకుని అంటే ఆటో అంతా గొల్లుమంది.

పల్లెవాళ్ళు మాత్రం నవ్వలేదు. నాటబోయే చోట ఎర్రజెండాలు పాతారు. వాటి లోపల ఏడాదిపాటు ఎవరూ అడుగు పెట్టకూడదని ఊరి పెద్ద చేత కట్టుబాటు పెట్టించుకుంది భానుప్రియ. పడవలున్న మగవాళ్ళు ఇంకో చోటికి పోయి వల వేసుకుంటారు. పడవ లేకుండా, నడుముల్లోతు నీళ్ళలో కూర్చుని చేత్తో తడిమి రొయ్యలు పట్టుకునే ఆడవాళ్ళకే ఆ కట్టుబాటు తగిలింది. వాళ్ళలో పేరమ్మ అనే ఆమె బుట్ట చంకన పెట్టుకుని షెల్టరు మెట్ల దగ్గర నిలబడింది.

"ఏం మే, మీ ఊళ్ళో మళ్ళు చాల్లేదా? మా నీళ్ళలో కూడా నాటేదానికొచ్చినారు?"

"మీ రొయ్యలు చప్పగుండాయంట అక్కా. కాస్త వడ్లు తినిపిద్దామనీ," అంది కామాక్షి.

ముఠా నవ్వింది. పేరమ్మ భానుప్రియ వైపు తిరిగింది. "మాకు చేతుల్లేవా మేడమ్? మమ్మల్ని అడిగితే మేం నాటమా?"

"అట్లా కాదు పేరమ్మక్కా. వీళ్ళకి నాట్లు అలవాటు. నీళ్ళు పెరిగేలోపు అయిపోవాలి."

"అవున్లే. ఈ నీళ్ళు మాకు అలవాటు లేదు గదా," అని పేరమ్మ బుట్ట సర్దుకుని వెళ్ళిపోయింది.

పొద్దున్నే పడవలో నారు వచ్చింది. అదీ గడ్డే, కానీ సన్నగా పొడుగ్గా, అచ్చం వరినారులాగే ఉంది. తడి గోనెపట్టాల్లో కట్టలు కట్టలుగా పెట్టారు. శేషమ్మ ఒక పిలక తీసి వేరు వాసన చూసింది. ఉప్పు వాసన. బాగానే ఉంది, తాజాగా ఉంది.

భానుప్రియ పడవలోనే నిలబడి చెయ్యి చాపింది. "ఆ ఎర్రజెండాల లోపలంతా నాటాలి. మీకు నేను చెప్పేదేముంది, నాకంటే మీకే బాగా తెలుసు." ఇంకా ఏదో అనబోయింది. ఇంతలో ఫోను మోగింది. చెన్నై నుంచి టైటస్ సారు వస్తున్నారు, ఆయన పైఅధికారి. ఆయన వచ్చేలోపు నెల్లూరులో మీటింగు పెట్టుకోవాలి. ఫోనులో మాట్లాడుతూనే ఆమె ఒడ్డుకి వెళ్ళిపోయింది. వెళ్ళిపోతూ వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. శేషమ్మ ఊపబోయి, మేడమ్ గదా అని గుర్తొచ్చి దణ్ణం పెట్టింది.

నీళ్ళలోకి దిగితే మడిలోకి దిగినట్టే ఉంది. అడుగున బురద మెత్తగా పాదాన్ని పట్టుకుంది. ఇద్దరు చెరో వైపు తాడు పట్టారు. శేషమ్మ మొదటి వరస అందుకుంది. నీళ్ళ లోపల చేతులు కనపడకపోయినా వేళ్ళకి పని తెలుసు. ఎక్కడో కొంగలు అరుస్తున్నాయి. తూర్పున ఇసకదిబ్బల అవతల సముద్రం హోరు. ఇన్నేళ్ళూ తనకి అందని కూతురి లోకం మోకాళ్ళ లోతులోనే ఉందా అనుకుంది శేషమ్మ. ఆ మధ్యాహ్నం షెల్టరులో అందరికంటే ఎక్కువ అన్నం తిన్నది ఆమే.

మర్నాడు వరసలు మధ్యకి వచ్చాయి. అక్కడ నీళ్ళ పైకి తేలి కనిపించాయి పుల్లలు. నాలుగు మంచాలు పట్టేంత చోటు చుట్టూ గుచ్చి ఉన్నాయి. ఒక్కో పుల్లకీ తెల్లగుడ్డ పీలిక.

శేషమ్మ నడుము ఎత్తి నిలబడిపోయింది.

"చూసినావా మే కామాక్షీ!" అంది. "మా పిల్ల మన పద్ధతి మర్చిపోలేదు. మనకోసం ముందే వచ్చి గుచ్చి పెట్టింది."

చిన్నప్పుడు ఆ పీలికలు చించి పుల్లలకి కట్టింది భానుప్రియే. బడి లేని రోజుల్లో గట్టు మీద కూర్చుని, పాత పంచె చింపి కడుతూ, "అమ్మా, ఈ ముడి చూడు" అని పిలిచేది. ఆ ముడులే ఇవీ. శేషమ్మ వేలితో ఒక ముడిని తడిమి చూసింది.

కామాక్షి వంగి అడుగు నుంచి గుప్పెడు ఊడబెరికింది. చిన్న చిన్న గుండ్రటి ఆకులు, జతలు జతలుగా. వేరు దారంలా బురదలో పాకి ఉంది. "ఇదేం కలుపు వదినా, ఒకటి లాగితే పది వస్తా ఉండాయి?"

"ఏదైతే మనకేం? ఒక్క వేరు మిగలగూడదు. మిగిల్తే మన నారుని మింగేస్తది."

ఆ పూటంతా అదే పని. ఎప్పుడూ ఏ మడికీ పెట్టనంత శ్రద్ధ పెట్టింది శేషమ్మ. తనే రెండుసార్లు కూర్చుని, మెడ దాకా నీళ్ళలో మునిగి, గోళ్ళతో బురద గీరి మిగిలిన వేళ్ళు తీసింది. పెరికిన ఆకు కట్టలు కట్టలుగా తేలుతూ ఒడ్డు వైపు పోయింది. ఖాళీ అయిన చోట నాలుగు మంచాలంతా నున్నగా, సందు లేకుండా నాటేశారు. పుల్లల్ని మాత్రం పారెయ్యలేదు. మంచి వెదురు. మేడమ్‌కి మళ్ళీ పనికొస్తాయని కడిగి, ఒక మోపు కట్టి పడవలో పెట్టించింది.

భానుప్రియ ఆ మర్నాడు సాయంత్రానికి వచ్చింది. పడవ దగ్గరికి వస్తుండగానే వరసలు చూసి చప్పట్లు కొట్టింది. నీళ్ళు తేటగా ఉన్నాయి. అడుగున తాడు పట్టి గీసినట్టు పచ్చని గీతలు. "అబ్బ! ఒక్కటీ తేల్లేదు!" అని పడవ దిగి నీళ్ళలో నడుచుకుంటూ మధ్యకి వచ్చింది. నాలుగడుగులు వేసి ఆగింది. చుట్టూ చూసింది. ఇంకో అడుగు పక్కకి వేసింది.

"ఇక్కడ పుల్లలుండాలి," అంది.

"తీసేసినాం మేడమ్. అదిగో పడవలో కట్టి పెట్టినా, మీకు మళ్ళీ పనికొస్తాయని." శేషమ్మ మొహం వెలిగిపోతోంది. "లోపలిది మొత్తం పెరికేసినాం. వేరుతో సహా. చూసుకోండి కావాలంటే."

భానుప్రియ ఒంగి భుజం మునిగేదాకా చెయ్యి నీళ్ళలో పెట్టింది. అడుగున తడిమింది. అక్కడా, ఇక్కడా, అవతలి మూలా. ఒడ్డున ముఠా ఆడవాళ్ళు కాళ్ళు కడుక్కుంటూ నవ్వుకుంటున్న మాటలు వినిపిస్తున్నాయి. చాలాసేపటికి లేచింది. రవిక చెయ్యి నుంచి నీళ్ళు కారుతున్నాయి. శేషమ్మ మొహంలోకి చూసింది కానీ, చూసినట్టు లేదు.

"సరే," అని పడవెక్కింది.

ఏదో జరిగిందని శేషమ్మకి అర్థమైంది. ఏం జరిగిందో అర్థం కాలేదు. షెల్టరు ముందు బోరింగు దగ్గర పేరమ్మ బిందె నింపుకుంటోంది. ఆమెనే అడిగింది.

"పుల్లల మధ్యలో ఉన్న ఆ చిన్నాకు ఏందక్కా?"

పేరమ్మ బోరింగు కొట్టడం ఆపలేదు. "ఈ చుట్టుపక్కల అసలు గడ్డి మిగిలింది ఆ కాస్తే. ఎవరూ నాటకుండా, దానంతటదే వచ్చింది. రొయ్యపిల్ల ముందు చేరేది దాంట్లోనే. మీ మేడమ్ ఏడేండ్లుగా దాని మీద బోర్లా పడుకోని చూస్తా ఉండాది, మూతికి గొట్టం పెట్టుకోని. ఎవరూ తొక్కకుండా తెల్లగుడ్డలు కట్టుకునింది. ప్లాస్టిక్ వద్దంట, పక్షులు తింటాయంట."

శేషమ్మ బోరింగు గట్టు మీద కూర్చుండిపోయింది.

"మేం పెరికేది నువ్వు చూసినావా?"

"చూడకేం? నిన్న ఒడ్డుకి కట్టలు కట్టలుగా కొట్టుకొచ్చింది గదా."

"చూసి కూడా చెప్పలేదా అక్కా? ఒక్క కేక వేసుంటే..."

"మీకు నాట్లు అలవాటు గదమ్మా," అంది పేరమ్మ. బిందె ఎత్తి చంకన పెట్టుకుంది. "చెప్పేదానికి మమ్మల్నెవరు అడిగినారు?"

ఆ రాత్రి షెల్టరులో శేషమ్మ ఎదురు చూసింది. కూతురు వస్తుంది, తిడుతుంది. "నీకు బుద్ధుందా అమ్మా" అని నలుగురిలో అరిచినా సరే. ఆ తిట్టు అందుకుంటే, "పుల్లలు నువ్వే గుచ్చినావు గదే" అని తనూ అనొచ్చు. ఇద్దరిదీ తప్పే అవుతుంది. ఇద్దరూ కూర్చుని ఏడవొచ్చు. భానుప్రియ రాలేదు.

తెల్లవారాక టైటస్ సారు వచ్చాడు. చెన్నై మనిషైనా తెలుగు బాగానే మాట్లాడతాడు. ప్యాంటు మడుచుకుని నీళ్ళలోకి దిగాడు. ముఠా అంతా మిగిలిన నారుతో చివరి వరసల్లో ఉంది. వరసలు చూసి ఆయన తల ఊపాడు. బాగుంది, చాలా బాగుంది అన్నాడు. తర్వాత మధ్యకి వచ్చాడు.

"మన పాత గడ్డి ఏదీ, భానుప్రియా?"

"పోయింది సార్. లేబర్ పీకేశారు."

శేషమ్మ రెండు వరసల అవతల ఉంది. లేబర్ అన్నది తననే. వినడానికి కొత్త మాటేం కాదు. పెంచలయ్య ఆ మాట రోజుకి పదిసార్లు అంటాడు.

టైటస్ సారు వంగి నీళ్ళ అడుగుకి చూశాడు. మంచివాడే అయ్యుండాలి, అరవలేదు. "అది చూపించే గదా మనం ఈ పని తెచ్చుకున్నాం," అన్నాడు. "ఏడేళ్ళ కొలతలు. దాన్ని చూసి గదా వీటిని కొలవాలి మనం." తర్వాత తల ఎత్తాడు. "మేస్త్రి ఎవరమ్మా ఇక్కడ?"

శేషమ్మ నడుము ఎత్తింది. "నేనేనయ్యా."

"పుల్లలు పాతి గుడ్డలు కట్టి ఉంచాం కదా. అది ముట్టుకోకూడదని మేడమ్ మీకు చెప్పలేదా?"

భానుప్రియ టైటస్ సారు పక్కనే నిలబడి ఉంది. నీళ్ళని చూస్తోంది. శేషమ్మ కూతురి వైపు చూసింది. చెప్పలేదు అని ఒక్క మాట చాలు. నిజం అదే. కానీ ఆ నిజం బయటికి వస్తే ఎక్కడ ఆగుతుందో ఆమె లెక్క కట్టలేకపోయింది. ఎందుకు చెప్పలేదంటారు. వీళ్ళు ఎవరంటారు. ఏ ఊరంటారు. వెనక వరసల్లో కామాక్షి, మిగతా ఆడవాళ్ళు చేతుల్లో నారు పట్టుకుని అట్లాగే వంగి ఉన్నారు. ఎవరూ నాటడం లేదు.

"చెప్పినారయ్యా," అంది శేషమ్మ. "మేడమ్ చెప్పినారు. మేమే వినలేదు. పల్లెటూరోళ్ళం, మాకేం తెలస్తది."

అన్నాక భానుప్రియ వైపు చూసింది. ఒక్క చూపు చాలుననుకుంది. కళ్ళెత్తి చూస్తే చాలు, అమ్మా అనక్కర్లేదు.

భానుప్రియ టైటస్ సారుతో అంది. "రెండుసార్లు చెప్పాను సార్."

ఆ రెండుసార్లు ఎవరడిగారు? శేషమ్మ చెప్పిన అబద్ధం ఆ పిల్లని ఒడ్డుకి చేర్చేంత పెద్దదే. దాని మీద ఇంకొకటి ఎక్కించాల్సిన పని లేదు. టైటస్ సారు తల ఊపి, ఇకమీద ఈ ముఠాని పిలవొద్దన్నాడు. పిలవను సార్ అంది భానుప్రియ.

తిరుగు దారిలో ట్రక్కు ఆటోలో ఆడవాళ్ళు ఎవరి మూట మీద వాళ్ళు కూర్చున్నారు. ఆటో పెన్నమ్మ వంతెన దాటి కోవూరు దగ్గరికి వచ్చాక కామాక్షి నోరు తెరిచింది.

"నీ కూతుర్ని నువ్వు కాపాడుకున్నావు వదినా. తప్పంటంలా. నా కూతురైతే నేనూ అంతే. కానీ ‘నేను వినలేదు’ అనుంటే సరిపోయేది గదా? ‘మేము’ అన్నావే, అది ఎందుకన్నావు? మా అందరి చెవులూ నీయేనా?"

"నోట్లోంచి వచ్చేసింది మే."

"వచ్చేసింది. ఇరవై ఏండ్లుగా నీ పుల్ల ఎక్కడ కనపడితే అక్కడ ఆగినాం. ఎందుకని ఒక్కరోజు అడగలా. అట్టాంటోళ్ళం మాట విననోళ్ళమా?"

ఎవరో ముక్కు చీదారు. శేషమ్మ తన పిల్లని గట్టెక్కించేటప్పుడు వెనక వంగి ఉన్న ఆడవాళ్ళంతా తన చేతులే అనుకుంది. ఇన్నేళ్ళూ అట్లా అనుకునే పని చేయించింది. ఆ చేతులకి పేర్లున్నాయని, నలుగురిలో మాట పడితే అవీ మండుతాయని ఆ క్షణం తోచలేదు.

శేషమ్మ చెప్పిన మాట వినదన్న సంగతి విడవలూరుకి వాళ్ళకంటే ముందే చేరిందో, వాళ్ళతోనే చేరిందో, వేసవి పంట ఎడగారు నాట్లకి పెంచలయ్య కబురు పెట్టింది కామాక్షికి. కామాక్షి మనసు చెడ్డది కాదు. ఇంటికొచ్చి, "రావాలనుంటే రా వదినా. నీ చెయ్యి ఎవరికొస్తది?" అంది. శేషమ్మ పోయింది. మొదటి వరస కామాక్షిది. ఆ ముఠాలో ఇప్పుడు పుల్లలు గుచ్చరు. కలుపు కనపడితే నోటితో కేకేసి చెప్తారు. మడంతా గోలగా ఉంటుంది. పని మాత్రం బాగానే అవుతుంది.

మేలో ఒక ఆదివారం భానుప్రియ వచ్చింది. హజరత్తయ్య కాలవ మీదికి పోయాడు. ఇంట్లో ఇద్దరే. ఆ పిల్ల మొహం తేటగా ఉంది. చేపలపులుసు వాసనకి గడపలోనే, "మామిడికాయ వేశావా అమ్మా?" అని అడిగింది. పీట వాల్చుకుని కూర్చుని, తింటూనే చెప్పుకొచ్చింది.

నాటినదాంట్లో సగానికి పైన బతికిందట. ఇంత బతకడం ఎక్కడా చూడలేదని టైటస్ సారు అన్నాడట. పాత గడ్డి పోయినందుకు మొదట ఆ పని ఆపేస్తారనుకున్నారు కానీ, ఆపలేదట. మిగతా చోట నాటడానికి ఈసారి తూర్పుకుప్పం ఆడవాళ్ళనే పెట్టుకున్నారు. పేరమ్మ మేస్త్రి. వాళ్ళకి నాటడం భానుప్రియే నేర్పింది.

"బొటనవేలికి ఆనించి వాలుగా తోసి, వేళ్ళు తీస్తూ నొక్కాలి. అట్లా చూపించాను. తొందరగానే పట్టుకున్నారు."

"ఊఁ," అంది శేషమ్మ. ఇంకో ముక్క వేసింది.

"పాత గడ్డి ఉండుంటేనా అమ్మా, ఇంకెంత బాగుండేదో. ఆ చిన్నాకు మళ్ళీ దానంతటది రావాలంటే ఎన్నేళ్ళు పడుతుందో. అసలు వస్తుందో రాదో." ముల్లు తీసి పళ్ళెం అంచున పెట్టింది. "అప్పటికీ చెప్తూనే ఉన్నాను గదా, ఆ పుల్లల లోపల ముట్టుకోవద్దని."

శేషమ్మ చేతిలో గరిటె ఆగింది. ఇంట్లో టైటస్ సారు లేడు. వరసల వెనక ఎవరూ వంగి లేరు. ఇక్కడ ఆ మాట అనాల్సిన అవసరమేంటి? కూతురి మొహంలోకి చూసింది. అబద్ధం ఆడే మనిషి ఎక్కడో ఒక చోట తడబడుతుంది, కన్ను పక్కకి పోతుంది. భానుప్రియ కన్ను ఎటూ పోలేదు. అన్నం కలుపుకుంటోంది.

"లేదమ్మి," అంది శేషమ్మ మెల్లగా. "నువ్వు చెప్పలేదు. మీకు నేను చెప్పేదేముంది అన్నావు. అంతే అన్నావు."

భానుప్రియ తలెత్తింది. కోపం తెచ్చుకోలేదు. ముసలివాళ్ళతో మాట్లాడేటప్పుడు వచ్చే ఓపిక ఏదో ఆ మొహంలోకి వచ్చింది.

"నీకు గుర్తులేదులే. పడవలో నిలబడి చెప్పాను. రెండోసారి చెప్పినప్పుడు నువ్వు కొంగు నడుముకి చుట్టుకుంటున్నావు కూడా. సరే సరే అన్నావు." నాలుగు వేళ్ళకి అంటిన పులుసు నాకి, పళ్ళెం కొంచెం ముందుకి జరిపింది. "అయినా ఇప్పుడెందుకమ్మా అవన్నీ. నువ్వేమైనా కావాలని చేశావా? నేనేమీ మనసులో పెట్టుకోలేదు. నీ మీద నాకేం కోపం లేదు, నిజంగా."

శేషమ్మ పెరుగు గిన్నె దగ్గరికి లాక్కుంది. ఆ పొద్దు పడవలోంచి కూతురు ఏమందో విన్న ఆడవాళ్ళు ఒకరిద్దరు కాదు, ముఠా అంతా ఉంది. వాళ్ళని పిలిచి అడగొచ్చు. కానీ మాట వినలేదని వాళ్ళందరి తరఫునా, నిండు నీళ్ళలో నిలబడి, ఒప్పుకుంది తనే.

పెరుగు వేసింది.

"తిను," అంది.